లైన్లోనే ఉండండి

నల్లపాడు,
మార్చి 11, బుధవారం.

బావకి,

అఖిల నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. మామయ్య నెమ్మదిగా కోలుకుంటున్నాడు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని ఉప్మా తనే తింటున్నాడు, సగం చొక్కా మీదే పడుతున్నా సరే. నువ్వూ, నీ సొరంగమూ, నీతోపాటు ఆ మంచులో పనిచేసే వాళ్ళంతా క్షేమంగా ఉన్నారని అనుకుంటాను.

నీ ఉత్తరం పదహారు రోజులకు అందింది. పోస్టుమాన్ గేటు దగ్గర ఆగి, "ఏమ్మా, మీ ఆయన దగ్గర ఫోను లేదా?" అని అడిగాడు. ఉంది, కొండ దిగితేగాని పలకదు అన్నాను. ప్రతి ఆదివారం కొండ దిగి నువ్వు ఫోను చేస్తూనే ఉన్నావు. అయినా ఈ ఉత్తరం ఎందుకంటే, నువ్వు రాసిన మూడు ప్రశ్నల్లో మూడోదానికి జవాబు ఫోనులో చెప్పలేను. రెండు ఆదివారాలు ప్రయత్నించి, చేను సంగతులే మాట్లాడి పెట్టేశాను. ఇది చదివాక నా మొహం చూడాలని నీకు అనిపిస్తుందో లేదో తెలియదు. ఒక్కటే అడుగుతున్నాను. మధ్యలో ఆపేసి ఫోను కోసం కొండ దిగకు. చివరిదాకా చదువు.

ముందు చేను సంగతి. మిరప రెండో కోత అయింది. రెబ్కా కూలీల ముఠానే కోసింది. ఈసారి తాలు కాయ ఎక్కువ. నల్ల తామర పురుగు పీల్చేసిన చోటల్లా కాయ తెల్లగా పాలిపోయింది. మామయ్య లేచి తిరుగుతుంటే ఈపాటికి ఆ పురుగుని ఏడు తరాలకూ సరిపడా తిట్టి ఉండేవాడు. మిగతా కాయ కల్లంలో ఆరుతోంది. రాత్రి మంచు పడుతోందని పట్టాలు కప్పిస్తున్నాను. దిగులు పడకు.

రెండోది నా ఉద్యోగం. "రైతులకు ఫోనులో జవాబులు చెప్పే ఆ బొమ్మ ఎలా ఉంది" అని అడిగావు. బొమ్మ కాదు మహానుభావా, ప్రోగ్రాము. నంబరుకి ఫోను చేసి, చేలో ఏం తెగులుందో, యార్డులో ధర ఎంతుందో అడిగితే జవాబు చెబుతుంది. దానికి తెలియకపోతే ఆఫీసరుకి కలుపుతుంది. మా కంపెనీ చిన్నది కదా, గొంతు కోసం వేరే మనిషిని పెట్టకుండా నా చేతే చదివించారు. అందుకని జిల్లాలో సగం మంది రైతులకు నా గొంతు తెలుసు, నా మొహం తెలియదు.

పొద్దున తొమ్మిదిన్నరకు ఇంట్లోంచే మీటింగు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమైనా ఉన్నాయా అని మా మేనేజరు శ్రీమన్నారాయణగారు రోజూ అవే మూడు ప్రశ్నలు అడుగుతారు. అడ్డంకి పక్కింటివాళ్ళ డాబా మీద ఆరబోసిన మిరపకాయలండీ అని చెప్పాలని ఉంటుంది. నోరు తెరిస్తే తుమ్ము. "అఖిలగారూ, మ్యూట్" అంటారాయన. సరిగ్గా నా వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది. మొన్న డిసెంబరులో ఒక రైతు "తామర వచ్చిందమ్మా, ఏం కొట్టాలి" అని అడిగితే, మన ప్రోగ్రాము "తామర పూల ధర ఈ రోజు అందుబాటులో లేదు" అని చెప్పింది. ఆయన తిట్టిన బూతులు మొత్తం రికార్డయ్యాయి. నాలుగు రోజులు కూర్చుని ఆ తప్పు సరిచేశాను. ఆ తర్వాత తామర అంటే పురుగేనని దానికి అర్థమైంది. ఆ రోజు నేను ఎగిరి గంతేస్తే, "ఏంటే, జీతం పెంచారా?" అన్నాడు మామయ్య. తామర అర్థమైంది మామయ్యా అన్నాను. "మాకు పుట్టంగానే అర్థమైంది" అన్నాడు.

నీకు తెలుసుగా, ఇంట్లో నేనుండగా ఆయన కూడా రోజూ ఆ నంబరుకే ఫోను చేసేవాడు. ఎందుకు మామయ్యా, నన్నడగొచ్చుగా అంటే, "ఇంట్లో నువ్వు నాతో ఇంత మర్యాదగా మాట్లాడవు గదే. అందులో అయితే అండీ అంటావు" అనేవాడు. మేనకోడలి చేత అండీ అనిపించుకోవడానికి ఫోను చేసే మేనమామ ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఇక్కడి నుంచి మూడో ప్రశ్న మొదలవుతుంది. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జనవరి మొదట్లో ఒక సాయంత్రం రెబ్కా మనింటికొచ్చింది. గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగి చెంబెడు గటగటా తాగింది. "అమ్మా, మాబు కల్లంలో ఇంక మేం చెయ్యం. అక్కడ ఆడమనిషి గొంతు పిలుస్తంది. చుట్టూ చూస్తే మనుషులెవళ్ళూ లేరు. పాకలోంచి ఉన్నారా అండీ, ఉన్నారా అండీ అంటంది" అంది. దెయ్యమేమో రెబ్కా, ప్రార్థన చేయించు అని నేను ఆటపట్టించాను. ఆవిడ నవ్వలేదు. "దెయ్యమైతే పేరు పెట్టి పిలుస్తది గదమ్మా. ఇది అండీ అంటంది. అదే నాకు బయం" అంది. మామయ్య పడక్కుర్చీలో పడీ పడీ నవ్వాడు. నవ్వి, నా వంక చూసి కన్ను కొట్టాడు. ఆయనకు అప్పటికే తెలిసిపోయింది అది ఎవరి గొంతో.

పాకలో గుంజకు తగిలించిన, ఆ కల్లం రైతు మాబు చొక్కా జేబులో ఫోను ఉంది. ఫోనులో లైను తెగలేదు. లైన్లో నేనున్నాను.

అలా ఎందుకైందో చెబుతాను విను, ఇదంతా దాని మీదే ఉంది. మన వైపు ఫోను పెట్టేసేటప్పుడు ఎవరూ పెట్టేస్తానని అనరు. గడప దాటేవాడు వెళ్ళొస్తానన్నట్టే, ఫోను పెట్టేసేవాడు "ఉంటానమ్మా" అంటాడు. ఉంటానంటే వెళ్ళిపోతున్నానని అర్థం. నేను ప్రోగ్రాముకి మాటలు నేర్పేటప్పుడు రెండు పట్టీలు రాశాను. ఫోను ముగించే మాటల పట్టీలో చాలు, సెలవు, పెట్టేస్తా, బై అని రాశాను. ఆఫీసరు దొరికేదాకా ఆగుతామనే మాటల పట్టీలో ఉంటా, ఉంటాను, ఉంటాలే, ఉంటానమ్మా అని రాశాను. రాసి, అదే సాయంత్రం అమ్మకు ఫోను చేసి, "సరేనే, ఉంటా" అని పెట్టేశాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు. తెలుగు రానివాళ్ళెవరైనా ఆ తప్పు చేసుంటే నేనే వాళ్ళను ఏడిపించి ఉండేదాన్ని.

రైతు స్పీకరులోనే మాట్లాడి, ఉంటానమ్మా అని ఫోను జేబులో వేసుకుంటాడు, అవతలివాళ్ళే పెట్టేస్తారులే అని. ప్రోగ్రాము మాత్రం ఆయన ఆగుతానన్నాడని ఆగుతుంది. నిమిషంన్నరకు ఒకసారి "ఉన్నారా అండీ?" అని అడుగుతుంది. ఏ చప్పుడు వినిపించినా జవాబే అనుకుని "సరే, లైన్లోనే ఉండండి" అంటుంది. ఆఫీసరు దొరకడానికి టైము పడుతుందని గంటసేపు ఆగేలా పెట్టాం. అరగంట దాటితే నా ఫోనుకి ఒక కబురు వస్తుంది, ఫలానా నంబరు ఇంకా లైన్లో ఉంది, వింటారా, వదిలేస్తారా అని. వదిలేసినా గంట అయ్యేదాకా లైను తెగదు. రెబ్కా చెప్పిన మర్నాడే ఈ తప్పు రాసి పెట్టాను. తొందర లేని పనుల్లో పెట్టాను. అరగంట కబురు ఎప్పుడొచ్చినా "వదిలేయి" నొక్కడం అలవాటైపోయింది. జేబులో ఫోను, గుడ్డ రాపిడి, కాకులు. ఏముంటుంది వినడానికి?

జనవరి ఇరవై రెండున మామయ్య చేలో పడిపోయాడు. నీకు తెలుసు. సాయంత్రం నాలుగున్నరకు రెబ్కా కోత సంగతి అడగడానికి వెళ్ళి చూసిందనీ, ఆటోలో గుంటూరు తెచ్చామనీ, కుడి పక్క పడిపోయిందనీ, మాట పోయిందనీ తెలుసు. నాలుగు గంటల లోపు తెచ్చుంటే ఒక ఇంజెక్షను ఉండేదని, నువ్వు కొండ దిగి వచ్చిన రోజు డాక్టరుగారు నీ ముందే చెప్పారు. "ఎప్పుడు పడ్డాడో ఎవరికి తెలుసు" అని నువ్వు గోడకేసి గుద్దావు. నేను పక్కనే నిలబడ్డాను. ఆ రోజు నువ్వు మామయ్య ఫోను తీసి చూసి, "ఇదేంటి, మీ నంబరుతో గంటసేపు మాట్లాడాడు?" అన్నావు. సర్వరు ప్రాబ్లం బావా అన్నాను. మా వృత్తిలో అందరం రోజూ చెప్పే అబద్ధమే అది. నువ్వు మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "నాన్న ఉన్నా అనే ఒక్క మాటే ఎందుకు పట్టుకున్నాడు? అన్ని మాటలూ పోయి అదొక్కటే ఎందుకు మిగిలింది? డాక్టరు ఏమంటున్నారు?" డాక్టరుగారు చెప్పింది నీకు ఫోనులోనే చెప్పాను. కొందరికి ఆఖరున అన్న మాటే నాలుక మీద ఉండిపోతుందట. ఎవరు అడిగినా అడక్కపోయినా అదే అంటారట. ఆఖరున ఏమన్నాడో ఎవరికీ తెలియదు కదా అన్నారాయన. నాకూ అప్పటికి పూర్తిగా తెలియదు. తెలుసుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

కిందటి నెలాఖరున శ్రీమన్నారాయణగారు ఆ పని నాకే అప్పగించారు. "అరగంట దాటిన కాల్స్ పదకొండు ఉన్నాయి అఖిలగారూ, వరసగా వినండి, ఎందుకు తెగట్లేదో తేల్చండి" అన్నారు. మధ్యాహ్నం చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. మామయ్య పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. మొదటి ఎనిమిదింటిలో ఏమీ లేదు. మోటారు చప్పుడు, ఎవరిదో దగ్గు, ఒక ఇంట్లో పోపు వేగుతున్న చప్పుడు. వాటన్నిట్లో నిమిషంన్నరకు ఒకసారి నా గొంతు. ఎవరూ లేని పాకల్లో, ఖాళీ చేలల్లో, మనుషులు నిద్రపోతున్న ఇళ్ళల్లో, ఉన్నారా అండీ, ఉన్నారా అండీ. రెబ్కా ఎందుకు పారిపోయిందో అప్పుడు తెలిసింది.

తొమ్మిదోది జనవరి ఇరవై రెండు, పొద్దున పది యాభై రెండు. మామయ్య నంబరు.

తామర పురుగు ఆగట్లేదు, మందు మార్చమంటావా అని అడిగాడు. నేను చెప్పాను. "సరే, ఉంటానమ్మా" అన్నాడు. జేబులో గుడ్డ రాపిడి. మందు పంపు భుజానికెత్తుకున్న చప్పుడు. కొంచెంసేపటికి అది కిందపడిన చప్పుడు. తర్వాత మూడు నాలుగుసార్లు నా గొంతు అడిగినా జవాబు లేదు.

"ఉన్నారా అండీ?"

"అమ్మాయ్... పడ్డానే."

"సరే, లైన్లోనే ఉండండి."

బావా, రాయలేకపోతున్నాను. అయినా రాస్తాను. నువ్వు వినలేదు కాబట్టి నేనైనా చెప్పాలి. మళ్ళీ నిమిషంన్నరకు అడిగాను. "ఉన్నా. కాలు రావట్లేదే" అన్నాడు. సరే, లైన్లోనే ఉండండి అన్నాను. మళ్ళీ అడిగాను. "ఉన్నా. ఎక్కడున్నావే?" అన్నాడు. సరే, లైన్లోనే ఉండండి అన్నాను. నాలుగైదుసార్లు అలా అయ్యాక మాట ముద్దగా వచ్చింది. "పనిలో ఉన్నట్టున్నావు. చూసుకో. నేనుంటాలే" అన్నాడు. నన్ను వెళ్ళమన్నాడు బావా. పాపం నాకు పనుందని తనే ఫోను పెట్టేస్తానన్నాడు. "ధన్యవాదాలు, లైన్లోనే ఉండండి" అన్నాను.

అక్కడి నుంచి వేరే మాట లేదు. ఉన్నారా అండీ. ఉన్నా. ఉన్నారా అండీ. ఉన్నా. నేను హెడ్‌సెట్‌లో వింటున్నాను, పక్క గదిలోంచి మామయ్య "ఉన్నా" అన్నాడు. యాదృచ్ఛికం అనుకున్నాను. మళ్ళీ రికార్డులో నా గొంతు అడిగింది. రికార్డులో ఆయన, పక్క గదిలో ఆయన, ఇద్దరూ ఒకేసారి "ఉన్నా" అన్నారు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, ఫోనులో గడియారం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా తొంభై సెకన్లకు "ఉన్నా." మళ్ళీ తొంభైకి "ఉన్నా." ఆ తొంభై నేను పెట్టిన లెక్క. అరవై మరీ తొందర, నూట ఇరవై మరీ ఆలస్యమని ఆలోచించి మరీ పెట్టాను. పడిపోయిన దగ్గర్నుంచీ ఆయన ఇంకా ఆ లైన్లోనే ఉన్నాడు.

గంట అవగానే రికార్డు చివర నా గొంతు, "మాకు ఫోను చేసినందుకు ధన్యవాదాలండీ, మీ రోజు శుభంగా గడవాలి" అంది. అప్పుడు మామయ్య "ఉ" అన్నాడు. అంతటితో లైను తెగింది.

ఇంతవరకూ యంత్రం చేసిన తప్పు అనుకోవచ్చు. నువ్వు మంచివాడివి, అలాగే అనుకుని నన్ను ఓదారుస్తావు. అందుకే మిగతాది కూడా చెప్పేస్తున్నాను. ఆ రోజు పదకొండు ఇరవై రెండుకి నాకు కబురొచ్చింది. నంబరు చూశాను. మామయ్య నంబరు నాకు కంఠతా వచ్చు. ఈయన మళ్ళీ జేబులో వేసుకున్నాడు అని నవ్వుకున్నాను. మీటింగులో ఉన్నాను. "వింటారా, వదిలేస్తారా" అని అడిగింది. వదిలేయి అని నొక్కాను. విని ఉంటే, ఒంటిగంట కల్లా ఆయన ఆసుపత్రిలో ఉండేవాడు. నువ్వు గోడకేసి గుద్దినప్పుడు, ఎప్పుడు పడ్డాడో ఎవరికి తెలుసు అన్నప్పుడు, పిలిచిందెప్పుడో నాకు తెలుసని నా లోపల ఒకటి అంటూనే ఉంది. దాని నోరు నొక్కేశాను.

తప్పు సరిచేశాను. ఉంటా అన్న మాటను రెండో పట్టీలోంచి తీసి మొదటి పట్టీలో వేయడానికి పట్టింది పావుగంట. ఇప్పుడు ఎవరు ఉంటానన్నా లైను తెగుతోంది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొడుతున్న బొమ్మలు పంపారు. పని ముగించే ముందు ఒక కాగితం నింపాలి. అందులో "ఎవరికైనా నష్టం జరిగిందా?" అని ఉంటుంది. "లేదు" అని ముందే ఉంటుంది, మార్చాలనుకుంటే మార్చుకోవాలి. మార్చకుండా పంపేశాను. నా గొంతు తీసేయమని మాత్రం అడిగాను. "అదేంటండీ, రైతులకు మీ గొంతు బాగా నచ్చింది, సొంత మనిషి పలకరించినట్టుందంటున్నారు" అన్నారు శ్రీమన్నారాయణగారు. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఇక మొన్న సోమవారం జరిగింది చెప్పి ముగిస్తాను.

మధ్యాహ్నం మీటింగులో ఉన్నాను. మాట్లాడుతున్నదాన్ని ఆగిపోయాను, ఎందుకో ముందు తెలియలేదు. పక్క గదిలో చప్పుడు లేదు. తొంభై సెకన్లు దాటింది. నూట ఎనభై దాటింది. రోజుల తరబడి ఆ మాట ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూశాను, ఆగేసరికి నా ప్రాణం పోయింది. అవతల మీటింగులో "అఖిలగారూ, మ్యూట్‌లో ఉన్నారా?" అంటున్నారు. లేవాలనుకున్నాను. వెళ్ళి చూస్తే ఏం చూడాల్సి వస్తుందోనని కుర్చీలోంచే, "ఉన్నావా మామయ్యా?" అని పిలిచాను. పలకలేదు. "మామయ్యా, ఉన్నావా?" లేదు. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి నా నోట్లోంచి నేననుకోని మాట వచ్చింది. ఆ గొంతు, ఆ రాగం, అచ్చం అలాగే. "ఉన్నారా అండీ?"

గోడ అవతలి నుంచి మామయ్య మాట్లాడాడు. ముద్దగానే, కానీ ప్రతి మాటా వినిపించింది.

వెళ్ళాను. మంచం మీద తల ఇటు తిప్పి నా వంకే చూస్తున్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఉన్నా అనలేదు. నిన్నటి నుంచి నీళ్ళు, చాలు, వద్దు లాంటివి ఒకటీ అరా అంటున్నాడు. మాట తిరిగి వస్తోందని డాక్టరుగారు చాలా సంతోషించారు. రెబ్కా దండం పెట్టుకుని ఏడ్చింది. నిన్న పొద్దున నేను ఆఫీసు కాగితంలో "లేదు" కొట్టేసి "అవును" అని పెట్టాను, మామయ్య పేరూ నా పేరూ రాశాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు, దాని మీద బెంగ కూడా లేదు.

మామయ్యకు మాట వచ్చిందని నీకు ఆదివారం ఫోనులోనే చెప్పొచ్చు. కానీ చెప్పగానే, "ఏమన్నాడే?" అని అడుగుతావు. మొదట ఏమన్నాడని అందరూ అడిగారు. నన్ను పిలిచాడని చెప్పాను. అది నిజం కాదు. నీకు మాత్రం ఆయన అన్నది అన్నట్టుగా రాస్తున్నాను. సోమవారం గురించి అన్నాడో, ఆ రోజు గురించి అన్నాడో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఎన్నిసార్లడుగుతావే. వచ్చి చూడొచ్చుగా" అన్నాడు.

ఇట్లు,
నీ మరదలు, పెళ్ళయ్యాక నీ భార్య,
అఖిల